పది గుండ్ల సగటు

నవంబరు పద్నాలుగు, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు దోహాకు ఉత్తరాన ఉన్న షూటింగ్ రేంజిలో, నాలుగో వరుసలో నిలబడి, అంతకు మునుపు ఎవరూ కాల్చని ఒక కొత్త పిస్టల్‌ను నేను చేతిలోకి తీసుకున్నాను. దాని బరువు 1,080 గ్రాములు. తయారీదారు పుస్తకంలో 1,075 అని ఉంది. రేంజి కార్యాలయంలోని తూకం మీద స్వయంగా పెట్టి చూస్తే 1,080 వచ్చింది. ఆ అయిదు గ్రాముల తేడా తూకానిదో పుస్తకానిదో తేల్చే వ్యవధి ఆ రోజు నాకు లేదు. రెండు రోజుల్లో, అంటే ఆదివారం ఉదయం లోపల, అంతకంటే పెద్ద విషయం ఒకటి తేలవలసి ఉంది.

పిస్టల్ నాది కాదు. ఇక్కడ మా వంటి ఉద్యోగస్థుల ఇళ్లలో తుపాకులుండవు. అవన్నీ రేంజివే. ఐడీ కార్డు కౌంటరులో ఇచ్చి, సంతకం పెట్టి, కాల్చి, తిరిగి అప్పగించి ఇంటికి రావాలి. పదకొండేళ్లుగా నెలకు రెండు శుక్రవారాలు నేను చేస్తున్నది అదే. పంతొమ్మిదో ఏట కాలేజీ ఎన్‌సీసీలో పట్టుకున్న పాయింట్ టూ టూ రైఫిలు తరువాత ముప్పైమూడేళ్ల పాటు తుపాకీ ముట్టనివాడిని, యాభైరెండో ఏట మళ్లీ మొదలుపెట్టాను. వేట మీద, వీరత్వం మీద నాకు ఆసక్తి లేదు. కాగితం మీద పడిన రంధ్రాన్ని స్కేలుతో కొలవవచ్చు. బాగా కాల్చానో లేదో ఎవరినీ అడగనక్కరలేదు. నన్ను ఆకర్షించింది ఆ ఒక్క సంగతే.

నా వృత్తి కూడా అటువంటిదే. ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక చిన్న ప్రయోగశాలలో ఇరవైరెండేళ్లుగా కొలిచే పరికరాలను కొలుస్తున్నాను. వర్క్‌షాపులు, పంపు కంపెనీలు తమ మైక్రోమీటర్లను ఏడాదికోసారి మాకు పంపుతాయి. కచ్చితమైన మందం తెలిసిన ఉక్కు దిమ్మను మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, మర తిప్పి, అది చూపే అంకెను రాసుకుంటాం. అలా అయిదు సార్లు కొలిచి, సగటు తీసి, పరికరం మంచిదో కాదో ధ్రువపత్రంలో రాసి సంతకం పెడతాం. మర ఎంత బిగువుగా తిప్పాలన్నది వేళ్లకే తెలియాలి. అది పుస్తకంలో దొరకదు. నా వేళ్లకు తెలుసునని ఆ సంస్థలో అందరూ ఒప్పుకొనేవారు, నేను కూడా.

జూన్ పదకొండు, బుధవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని మా ఇంట్లో, నా కుడిచేతిలోని కాఫీ కప్పు సాసరు మీద చప్పుడు చేసింది. నేను కదలలేదు. సాసరు కదలలేదు. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాశాను: "కుడి చెయ్యి, సుమారు నాలుగు సెకన్లు." ఆ తరువాత ఆ వాక్యం వారానికి రెండు సార్లు, ఆగస్టు నాటికి రోజూ రాయవలసి వచ్చింది.

అల్ సద్‌లోని ఒక క్లినిక్కుకు వెళ్లాను. వైద్యుడు చేతులు చాపమన్నాడు, ముక్కు తాకమన్నాడు, కాగితం మీద చుట్టలు గీయించాడు. "వయసుకు సహజమే, కొద్దిగా ఉంది" అన్నాడు. కొద్దిగా అంటే ఎన్ని మిల్లీమీటర్లని అడిగాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. కొద్దిగా అనే మాటను ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

నవంబరు మొదటి వారంలో ఏటేటా వచ్చే పత్రం నా బల్ల మీదికి వచ్చింది. కాంట్రాక్టు పొడిగింపుకు ముందు మా సంస్థ తీసుకొనే స్వీయ ప్రకటన అది. ఏడో ప్రశ్న: సూక్ష్మ కొలతల పనికి అడ్డు కాగల చూపు లోపం గాని చేతి లోపం గాని ఉన్నదా? అవును, లేదు. ఆదివారం పదహారో తేదీ ఉదయం దానిని అప్పగించాలి. ఇరవైయొక్క సార్లు ఆ ప్రశ్నకు 'లేదు' అని చదవకుండానే టిక్కు పెట్టాను. ఈసారి పదకొండు రోజులు ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది.

చివరికి నాకు తెలిసిన పద్ధతినే ఆశ్రయించాను. పది మీటర్ల దూరంలో పది గుండ్లు కాల్చినప్పుడు, ఒకదానికొకటి అత్యంత దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరాన్ని చెదురు అని రాసుకోవడం నా అలవాటు. పదకొండేళ్ల సగటు చెదురు 48 మిల్లీమీటర్లు. వయసుకు మరి కొంత వదిలి, హద్దు 60 అని నిర్ణయించుకున్నాను. లోపల పడితే 'లేదు'. దాటితే 'అవును'. ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు.

జూలైలో రెండు సార్లు కాల్చినప్పుడు 71, 78 వచ్చిన మాట దాచను. రేంజిలో నేను వాడే పిస్టల్ పాతది, పిడి అరిగింది. తప్పు దానిదని రాసి, ఆ తరువాత నాలుగు నెలలు వెళ్లడమే మానేశాను. ఇంతలో రేంజిలో పనిచేసే భద్రతాధికారి ఫోన్ చేశాడు. కొత్త పిస్టల్ వచ్చిందని, సందర్శకులకు ఇచ్చే ముందు దాని గురి సరిచూసి పెట్టమని కోరాడు. పాత పిస్టల్ మీద నెపం ఇక ఉండదు. శుక్రవారం వస్తానన్నాను.

నా భార్య కూడా బయలుదేరింది. అల్ సద్‌లోనే మరో క్లినిక్కులో ఇరవైఆరేళ్లు రక్తపరీక్షల విభాగంలో పనిచేసి, రెండేళ్ల క్రితం విరమించింది. రేంజికి నాతో వచ్చినప్పుడల్లా అద్దాల గది వెనుక కుర్చీలో కూర్చొని ఫోన్‌లో పదకేళి నింపుతుంది. తిరుగుదారిలో కూరగాయలు కొనాలన్నది ఆమె షరతు.

"ఏవండీ, ఆ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వెయ్యకండి. తల నొప్పొస్తోంది" అంది హైవే ఎక్కాక.

"నేను వెయ్యడం లేదు."

ఆమె నా చేతి వంక చూసి, వెంటనే కిటికీ వంక తిరిగింది. రెండు గంటలకు తెరిచే రేంజికి మేము ఒంటిగంటా ముప్పై అయిదుకే చేరాం. ఆ ఇరవైఅయిదు నిమిషాలూ ముందరి నడవాలో అటూ ఇటూ నడిచాను. నడవా పొడవు నా అడుగులలో పద్నాలుగు. నూట ముప్పైఎనిమిది సార్లు నడిచాను.

భద్రతాధికారిది నిజామాబాదు జిల్లా. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, పైవాళ్లతో అరబ్బీ కలిసిన ఇంగ్లిషు మాట్లాడతాడు. నలభై దాటినవాడు. నమాజు ముగించుకొని వచ్చి, తాళాలు తీస్తూనే పలకరించాడు.

"రాండ్రి సార్, రాండ్రి. మీకోసమే డబ్బా ఇప్పకుండ పెట్టిన. నాలుగు నెలలాయె, షకల్ కనిపిస్తలేదు. అమ్మా, సలాం. సార్‌ని ఇంట్ల కట్టేసిన్రా ఏంది?"

"నేనెందుకు కడతానయ్యా, ఆయనే ఆయన్ని కట్టేసుకుంటారు" అంది నా భార్య. "మీ అమ్మగారు కులాసాయేనా?"

"మస్తుగున్నది. నా కొడుకు దుబాయ్‌ల తుపాకులు కాస్తడని ఊరంత చెప్తది. అమ్మా, ఇది దుబాయ్ గాదే, ఖతర్ అంటే, ఏదైతేంది బిడ్డా, ఇసుకనే గదా అంటది."

"నయం, తుపాకులు కాలుస్తాడని చెప్పట్లేదు."

"అది గూడ చెప్పింది. అందుకే ఊర్ల ఎవడు నాతోని లొల్లి పెట్టుకోడు."

డబ్బా విప్పాం. నూనె వాసన, నల్లటి లోహం, ఇంకా చెమట తగలని పిడి. అతను ఖాళీ అని రెండు సార్లు చూపించాడు, నేను మూడోసారి చూసుకున్నాను. నా భార్య అద్దాల గదిలోకి వెళ్లింది. చెవులకు మూతలు పెట్టుకొని, రెండు చేతులతో పిస్టల్ పట్టుకొని, శ్వాస సగం వదిలి, ట్రిగ్గరు నొక్కడం మొదలుపెట్టాను. పది గుండ్లకు ఆరు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. సాధారణంగా నాలుగు నిమిషాలు పడుతుంది. ముందువైపు ఉన్న గురిమొన నల్లటి వలయం మీద నిలవలేదు. కాగితం చుట్టూ తిరిగే ఈగలా తిరిగింది. అది వలయం మీదుగా పోతున్న క్షణం కోసం కాచుకొని నొక్కాను. అలా నొక్కకూడదని కొత్తవాళ్లకు నేనే చెబుతుంటాను.

మీట నొక్కితే కాగితం తీగ మీద మా దగ్గరికి వచ్చింది. స్కేలు పెట్టాను. 96.

అధికారి కాగితం మీదికి వంగాడు. నేనే మాట్లాడాను. కొత్త పిస్టల్ కదా, గొట్టం ఇంకా సర్దుకోలేదు, ట్రిగ్గరు బిగువుగా ఉంది, గుండ్ల పెట్టె కూడా కొత్త రకం. ఒక్కొక్కటీ వేలు మడిచి చెప్పాను. జూలైలో పాతదనం కారణమైంది, నవంబరులో కొత్తదనం కారణమైంది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఆ నిమిషంలో నాకు లేకపోయింది.

"గురి సరిచేద్దాం. అసలు దోషం అక్కడ ఉన్నట్టుంది" అని నోటు పుస్తకం తీశాను.

పది రంధ్రాలకూ మధ్యబిందువు నుంచి పైకి, కిందికి, కుడికి, ఎడమకు ఎంతెంత దూరమో కొలిచి, వరుసగా రాసి, కూడి, పదితో భాగించాను. సగటున గుండ్లు 15 మిల్లీమీటర్లు కిందికి, 10 మిల్లీమీటర్లు కుడికి పడుతున్నాయి. వెనుక గురిమొనకు ఉన్న మరను ఒక్క మెట్టు తిప్పితే పది మీటర్ల వద్ద 5 మిల్లీమీటర్లు జరుగుతుందని పుస్తకంలో ఉంది. మూడు మెట్లు పైకి, రెండు మెట్లు ఎడమకు తిప్పాను. చిన్న స్క్రూడ్రైవరు మర గాడిలో కూర్చోవడానికి నాలుగు ప్రయత్నాలు పట్టింది. అధికారి చెయ్యి ముందుకు రాబోయి ఆగిపోయింది.

రెండో పది కాల్చాను. కాగితం వచ్చింది. మళ్లీ కొలిచి, కూడి, భాగించాను. నిలువు సగటు ఒక మిల్లీమీటరు. అడ్డం సగటు సున్నా.

ఆ సున్నాను చూసినప్పుడు కలిగిన తేలికదనం నాకు బాగా గుర్తుంది. జూన్ నుంచి మోస్తున్న బరువేదో భుజం మీద నుంచి దిగినట్టయింది. "చూశారా! నడిమధ్యలో ఉంది. పిస్టల్ ఇప్పుడు సరిగ్గా ఉంది, నేనూ సరిగ్గానే ఉన్నాను" అన్నాను. నేను అన్న మాటలు ఇవే.

అతను కాగితాన్ని వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, నడుమ ఒక్కటి గూడ పడలే గద."

"ఒక్కొక్కటి చూడకూడదు. సగటు చూడాలి. సగటు మధ్యలో ఉంది."

"యాడుంది సార్? నాకైతే ఆడ బొక్క కనిపిస్తలేదు."

నేను కాగితం వంక చూశాను. నాలుగు పైన, మూడు కింద, రెండు ఎడమన, ఒకటి దూరంగా కుడిన. నడుమ ఉన్న రెండు వలయాలలో కాగితం ఒక్క చిల్లు లేకుండా, చెక్కుచెదరకుండా ఉంది. చెదురు కొలిచాను. 104. సగటు సున్నాకు దగ్గరవుతుంటే చెదురు పెరిగింది.

అప్పుడు ప్రయోగశాల గుర్తుకు వచ్చింది. జూలై నుంచి నేను అయిదు కొలతలకు బదులు పది తీస్తున్నాను. ఏ ఒక్కదానినీ కొట్టివేయలేదు. పదీ రాశాను, పదింటి సగటూ వేశాను. సగటులు చక్కగా వచ్చాయి. ఎక్కువ కొలతలు తీయడం జాగ్రత్త అనుకున్నాను, సహోద్యోగులు కూడా అలాగే అనుకున్నారు. కొలతల మధ్య తేడా హద్దు దాటితే ఆగి కారణం వెతకాలని మా పనివిధానంలోనే ఉంది. ఆ గడిని నేను నింపాను గాని చదవలేదు. కారణం నా మణికట్టు దగ్గర ఉందని ఆ గడి నాలుగు నెలలుగా చెబుతూనే ఉంది.

అయినా ఒప్పుకోలేదు. పిస్టల్‌లో దోషం లేదని ఇంకా రుజువు కాలేదు కదా అనుకున్నాను. మరో పది గుండ్లు అడిగాను. అధికారి గోడ గడియారం వంక చూశాడు. అప్పుడే అద్దాల తలుపు తోసుకొని నా భార్య వచ్చింది.

"నేనొకసారి కాలుస్తాను."

"నువ్వా?"

"ఏం, పదకొండేళ్లుగా కుర్చీ కాపలా కాస్తున్నాను. నాకూ బోరు కొట్టదా?" అని అధికారి వైపు తిరిగింది. "ఐడీ ఇదిగో నాయనా. ఎక్కడ సంతకం పెట్టాలి?"

"యల్లా అమ్మా! పాంచ్ మినిట్. నేను నేర్పిస్త."

అయిదు నిమిషాలని చెప్పిన పాఠం పన్నెండు నిమిషాలు సాగింది. ఆ పన్నెండు నిమిషాలు నేను ఒక చోట నిలవలేదు. రెండు కాగితాలనూ మళ్లీ కొలిచాను. 96, 104. స్కేలు మార్చి కొలిచాను. 96, 104. కిటికీ దాకా వెళ్లి వచ్చాను. ఆమె గుండ్లు కూడా చెల్లాచెదురుగా పడాలని నేను కోరుకున్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఓటమిని నేను అంతగా కోరుకున్న సందర్భం మరొకటి లేదు.

ఆమె నిలబడిన తీరులో అందమేమీ లేదు. కొంగు నడుముకు దోపి, పెదవి కొరుకుతూ, మోచేతులు కొద్దిగా వంచి పట్టుకుంది. మొదటి చప్పుడుకు "అమ్మో" అంది. అధికారి నవ్వి, గొట్టం ముందుకే ఉంచమని గుర్తుచేశాడు. తరువాత నాలుగూ చప్పుడు లేకుండా, అంటే ఆమె చప్పుడు లేకుండా, కాల్చింది. కాగితం వచ్చింది. అయిదు రంధ్రాలు ఒక చోట, పైన ఎడమ పక్కన, గుంపుగా ఉన్నాయి. 52.

"మాషా అల్లా! అమ్మా, ఎప్పుడన్న పట్టిన్రా పిస్టల్?"

"పిస్టల్ ఎక్కడ పట్టానయ్యా, సూదులు పట్టాను. ఏడుస్తున్న నెలల పిల్లకి నరం దొరకబుచ్చుకోవడం కంటే ఇదేం కష్టం? ఈ కాగితం చెయ్యి లాక్కోదు కదా."

"అయిదు గుండ్లకూ పది గుండ్లకూ పోలిక కుదరదు. పది కాల్చాలి" అన్నాను.

"అబ్బ! ఓడిపోతే చాలు, లెక్క మార్చేస్తారు మీరు. చెయ్యి లాగుతోందండీ."

"ఇంకో అయిదే."

కాల్చింది. ఆరోది కాస్త పక్కకు పోయింది. పదింటి చెదురు 66. నేను నాకు పెట్టుకున్న హద్దును ఆమె కూడా దాటింది. కాని ఆమె జీవితంలో మొదటిసారి పిస్టల్ పట్టుకున్న మనిషి. పదకొండేళ్ల అనుభవం ఉన్న నేను అదే పిస్టల్‌తో, అదే పెట్టె గుండ్లతో, అదే వెలుతురులో 104. కొలిచే మనిషిని మార్చి చూడడం మా వృత్తిలో ఆఖరి పరీక్ష. పరికరం మారలేదు, మనిషి మారితే చెదురు తగ్గింది. ఆ తరువాత వాదనకు తావుండదు.

మరొక సంగతి కూడా ఉంది. ఆమె గుండ్ల సగటు తీశాను. 14 మిల్లీమీటర్లు పైకి, 9 మిల్లీమీటర్లు ఎడమకు. అంటే నేను తిప్పిన మూడు మెట్లు, రెండు మెట్లు దాదాపుగా అవే. డబ్బాలోంచి వచ్చినప్పుడు పిస్టల్ గురి సరిగ్గానే ఉంది. దానిని నా వణుకుకు అనుగుణంగా చెడగొట్టి, సరిచేశానని సంతోషించాను.

మూడు మెట్లు కిందికి, రెండు మెట్లు కుడికి తిరిగి తిప్పాలి. స్క్రూడ్రైవరు అధికారికి ఇచ్చాను. అతను తిప్పాడు. నేను మెట్లు లెక్కపెట్టాను.

"జూన్‌లో మొదలైంది. పదకొండో తేదీ" అన్నాను నా భార్యతో, అడగకుండానే.

ఆమె చెవి మూతలు మెడలోకి దించుకుంది. "జూన్ కాదు."

"డైరీలో ఉంది."

"మీ డైరీలో జూనే. నేను అంతకు ముందే చూశాను. బంగినపల్లి పళ్లు వచ్చిన వారం. మీరే పెట్టె తెచ్చారు. పండు కోస్తూ ఉంటే కత్తి వణికింది. మీరు చూసుకోలేదు, టీవీలో వార్తలు వింటున్నారు."

"ఏ తేదీ?"

"తేదీ ఏమిటండీ! పళ్లు వచ్చిన వారం అంటున్నానుగా."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతారు. ఆ డాక్టర్నీ అదే అడిగారట, అల్ సద్ క్లినిక్కుల్లో నాకు తెలిసినవాళ్లున్నారు. నా దగ్గర స్కేలు లేదు." చెవి మూతలు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఇరవైఆరేళ్లు జనం చేతులే చూశానండీ. మీ చెయ్యి నాకు తెలియదా?"

అధికారి కొత్త పిస్టల్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటి పేజీ. తేదీ, కాల్చినవారు, గుండ్ల సంఖ్య, చెదురు, వ్యాఖ్య. అతను నా రెండు కాగితాలను మెల్లగా మడవబోయాడు.

"ఇవి పడేద్దాం సార్. అమ్మది అతికిస్త. పిస్టల్ మంచిగున్నదని రాయుండ్రి, ఖల్లాస్. ఎవలు అడుగుతరు?"

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని రాయడానికే ఈ పేరా. పది సెకన్ల పాటు కలం మూత తీయలేదు. తరువాత మూడు వరుసలు రాశాను. మొదటిది 96. రెండోది 104, గురి అనవసరంగా మార్చబడి, మళ్లీ యథాస్థితికి తేబడింది. మూడోది 66. వ్యాఖ్య గడిలో, పిస్టల్ వాడకానికి తగినది, మొదటి రెండు వరుసలలోని చెదురుకు కారణం కాల్చినవారి చెయ్యి అని రాసి సంతకం పెట్టాను. సంతకం కూడా వంకరగానే వచ్చింది. అతను చదివి, మూడు కాగితాలనూ అతికించాడు.

శనివారం అల్ అజీజియా దాకా వెళ్లి, అక్కడి పార్కులో రెండు గంటలు నడిచాను. ఏడో ప్రశ్నకు జవాబు తేలిపోయింది. ఇబ్బంది దాని గురించి కాదు. 'అవును' అని టిక్కు పెడితే నా సంగతి ముగుస్తుంది. నా సంతకంతో బయటికి పోయిన మైక్రోమీటర్ల సంగతి ముగియదు. జూన్ పదకొండు నుంచి లెక్కిస్తే అవి నలభైఒకటి. పళ్లు వచ్చిన వారం నుంచి లెక్కిస్తే ఎన్ని? ఏ వారం? పెట్టె కొన్న రసీదు దొరకలేదు. ఇంతవరకు తేదీ లేని సాక్ష్యాన్ని నేను ఒక్కసారి కూడా ఫైలులో చేర్చలేదు. పార్కు మూడో చుట్టులో నిర్ణయించుకొని, పళ్లు అంతకంటే ముందు రావని తోచిన ఏప్రిల్ ఇరవై నుంచి లెక్క మొదలుపెట్టాను. మరో పదిహేను చేరాయి. మొత్తం యాభైఆరు.

ఆదివారం ఉదయం ఏడున్నరకు పత్రాన్నీ, యాభైఆరింటి జాబితానూ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, మర్యాదస్థుడు. జాబితాలోని సగటులన్నీ హద్దులోనే ఉన్నాయి కదా, అవసరమా అని అడిగాడు. నోటు పుస్తకంలో నుంచి 104 అనే అంకెను, దాని పక్కన సున్నాను చూపించాను. ఆయన రెండు నిమిషాలు చూశాడు. తరువాత కంపెనీలకు ఉత్తరాలు వెళ్లాయి. నా దగ్గరే పని నేర్చుకొన్న సహోద్యోగిని వాటిని తిరిగి కొలుస్తోంది. నన్ను లెక్కలు సరిచూసే బల్లకు మార్చారు. కాంట్రాక్టు మార్చి దాకా ఉంది. తరువాతి సంగతి ఇంకా చెప్పలేదు.

ఈ రోజు వరకు నలభైఏడు వచ్చాయి. నలభైఆరు సరిగ్గా ఉన్నాయి. ఒకటి సరిగ్గా లేదు. హద్దు 4 మైక్రాన్లు, అది 7 తప్పుతోంది. నేను దానిని మంచిదని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం తేదీ మే నాలుగు. నా డైరీ ప్రకారం నా చెయ్యి అప్పటికి ఇంకా వణకలేదు. దానితో కొలిచిన మూడు పంపు షాఫ్టులను ఆ వర్క్‌షాపు మళ్లీ కొలిచింది. రెండు సరిపోయాయి, ఒకదానిని మార్చారు. ఎవరికీ ఏమీ కాలేదని వాళ్ల ఇంజనీరు ఫోన్‌లో చెప్పాడు. రెండు సార్లు చెప్పించుకున్నాను.

ఇంకా తొమ్మిది రావాలి. నాలుగు సముద్రంలో పనిచేసే ప్లాట్‌ఫారముల మీద ఉన్నాయి, అయిదింటి ఆచూకీ ఆయా కంపెనీలు వెతుకుతున్నాయి. రోజూ పదింటికి, మూడింటికి కొరియర్ వ్యాను వస్తుంది. తొమ్మిదీ యాభై నుంచే నేను బల్ల దగ్గర కూర్చోలేను. వాకిలి దాకా వెళ్లి నిలబడతాను. పెట్టె వస్తే ముట్టుకోను. సహోద్యోగిని విప్పి, తుడిచి, దిమ్మను దవడల మధ్య పెట్టి, మర తిప్పుతుంది. నేను ఆమె వెనుక నిలబడి, అయిదు అంకెలూ ఆమె నోటి వెంట విని రాసుకుంటాను.

"సార్, కొంచెం కూర్చోండి సార్. మీరు వెనకాల నిలబడితే నా చెయ్యి కూడా వణికేలా ఉంది" అంది నిన్న.

కూర్చున్నాను. మూడో అంకె దగ్గర మళ్లీ లేచాను.